గులాబి రంగు తిరగలేదు

కుళాయి మూతిని ముందు నిప్పుతో కడగాలి.
ఈ ఉద్యోగంలో వింత అదొక్కటే, మిగతాదంతా నడక.
చిన్న గ్యాసు మంట పట్టుకుని వంగితే
పేట పిల్లలు మూగుతారు
నీళ్ళకు వాతలు పెడుతున్నానని.

బులవాయో పడమటి పేటల్లో
మంగళవారం రాత్రి నీళ్ళొస్తాయి,
తెల్లారేదాకా ఉంటే అదృష్టం.
మళ్ళీ శుక్రవారం అంటారు.
ఒక్కోసారి ఆ శుక్రవారం రాదు.
బకెట్లు, నూనె డబ్బాలు, పసివాళ్ళ స్నానపు తొట్టీ
వరసలో నిలబడే నిద్రపోతాయి.

నీళ్ళు రాని రోజుల్లో పైపు ఊరికే ఉంటుందనుకునేదాన్ని.
ఖోలిసాని ముసలాయన చెప్పాడు,
ఇనుప కడ్డీ ఒక కొస నేలకు, ఒక కొస చెవికి ఆనించి
ముప్పై ఏళ్ళు రోడ్ల కడుపు విన్నవాడు:
"నీళ్ళున్నంతసేపూ చిల్లులోంచి బయటికి ఏడుస్తుంది.
ఆపేశామా, లోపలికి పీలుస్తుంది.
పక్కనే మురుగు గొట్టం పగిలి ఉంటే దాన్నే పీలుస్తుంది.
ఊపిరాడనివాడు గాలిని ఎంచుతాడా తల్లీ?"

బుధవారం, ఇంకా చీకటే.
పద్నాలుగో నంబరు, మాగుంబో పెరడు.
గాజు గొట్టంలో పది మిల్లీలీటర్లు, ఒక తెల్ల మాత్ర.
గులాబి రంగు తిరిగితే క్లోరిన్ ఇంత దూరం బతికొచ్చిందని.
ముదురు రంగేం అక్కర్లేదు,
ఏడ్చి లేచిన పిల్ల కనురెప్పంత చాలు.
మనవరాలు లిండెలా నా మోచేతి మీదకి వాలింది.
"వచ్చిందా?"
రాలేదు.
నీళ్ళు తేటగా ఉన్నాయి,
గొట్టం అవతల ఆ పిల్ల ముక్కు కనిపించేంత.
ఇంత తేట నీళ్ళను చూసి భయపడటం నేర్చుకోడానికి
నాకు రెండేళ్ళు పట్టింది.

చీకట్లో నడిచొచ్చానని మాగుంబో కప్పు నింపి చాచింది.
"కాచుకుని తాగండి" అన్నాను.
"ఎందుకు, ఏమైనా ఉందా?"
రేపుగానీ తెలీదు. తెలియనిదాన్ని చెప్పకూడదని మా నియమం.
ఆ కప్పు ముందు నిలబడి
తాగలేదు, నీళ్ళు నమిలాను.

మొదటి బస్సు. ఒళ్ళో ఐసు పెట్టె, పెట్టెలో సీసా.
ల్యాబులో తెల్లటి గళ్ళ కాగితం మీద వడగట్టి
నలభై నాలుగు డిగ్రీల అలమరలో పెట్టాను.
ఒక పగలు, ఒక రాత్రి.
కంటికి ఆననివాటికి మేత పెట్టి, వెచ్చగా పడుకోబెట్టి,
గుంపు కట్టేదాకా కాచుకుని
అప్పుడు లెక్కపెడతాం.

ఈలోగా మాగుంబో జావ కాస్తుంది.
అది ఉడుకుతుంది, ఫర్వాలేదు.
బడి నుంచి వచ్చిన పిల్లకి మాత్రం
చల్లటి నీళ్ళలో నారింజ పొడి కలిపిస్తుంది.
బొగ్గులు ఊరికే వస్తాయా, నీళ్ళు కాచడానికి?

గురువారం అలమర తలుపు తీశాను.
గళ్ళలో పసుపు చుక్కలు. ముప్పై ఏడు.
తగ్గుతాయేమోనని మళ్ళీ లెక్కపెట్టాను.
పై అంతస్తు ఆయన కాగితం చదివి
"నిర్ధారణకి ఇంకో నమూనా తెండి" అన్నాడు,
నిమ్మకు నీరెత్తినట్టు.
ఆ నీరు ఏ కుళాయిదో అడగాలనిపించింది.

నా చేతిలోని అంకె నిన్నటి నీళ్ళది.
నిన్నటి నీళ్ళు ఇప్పుడు బకెట్లో లేవు.
ఎవరి ఒంట్లోనో ఉన్నాయి.

ఎవరూ పంపకుండానే బస్సెక్కాను.
తొమ్మిదో నంబరు: విన్నారు.
పదకొండు: "నాలుగు రోజులకోసారి ఇచ్చి, అవి కూడా తాగొద్దంటావా?"
జవాబు లేదు నా దగ్గర, బ్లీచింగ్ సీసా ఉంది.
చుక్కలు లెక్కపెట్టి చూపించాను.

పద్నాలుగో ఇంటి గేటుకి తాళం.
"రాత్రి నుంచీ పిల్లకి ఒకటే విరేచనాలు,
క్లినిక్కు మోసుకెళ్ళారు" అంది పక్కింటావిడ,
చెబుతూనే ఎండకి ఆయాసపడి
తొట్టిలో మగ్గు ముంచింది.

నాకు మాట రాలేదు.
ఆ చెయ్యి పట్టుకున్నాను.